ఒడ్డున పడ్డ నాలుగోది

చీటీలక్క పనిచేసే చోటుకి బోర్డు మీద రెండు వరసల పొడుగు పేరుంది. ఆ పేరు పలికే ఓపిక లేక ఊరంతా దాన్ని చేపలాసుపత్రి అంటుంది. అందులో రెండు తప్పులున్నాయి. డాల్ఫిన్ చేప కాదు, పిల్లకి పాలిచ్చే జంతువు. ఇక ఆసుపత్రి అన్నాక ఒక్కరైనా నయమై ఇంటికి పోవాలి కదా, ఇక్కడికి వచ్చినవాటిలో ఒక్కటీ మళ్ళీ నీళ్ళ మొహం చూడలేదు. ఒడ్డున పడి చచ్చిపోయిన డాల్ఫిన్లని తెచ్చి, కోసి, ఎందుకు పోయాయో తేల్చి రాసే చోటది. ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ కాబట్టి నేల ఒక మూలకి వాలుగా ఉంటుంది, కడిగిన నీళ్ళు వాటంతటవే కాలవలోకి పోతాయి. ఆ వాలే లేకపోతే ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసేదాన్నని చీటీలక్క అంటుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని చీటీలు రాయడం. డాక్టరు కోసి ఇచ్చిన ముక్కని సీసాలో వేసి, అది ఏ జంతువుదో, ఏ భాగమో తెలిసేలా చిన్న చీటీ రాసి అందులోనే పడెయ్యాలి. చెప్పుకోడానికి ఇంతే. కానీ ఆ చీటీ పెన్సిలుతోనే రాయాలి. ముక్క కుళ్ళకుండా పోసే ఫార్మలిన్, ఆ తర్వాత వాడే స్పిరిటు, రెండూ కలిసి సిరాని తినేస్తాయి. పెన్సిలు గీత మాత్రం ఏళ్ళు గడిచినా చెక్కుచెదరదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పెన్నుతో రాసిన చీటీలు ఒక బీరువా నిండా ఉన్న సీసాల్లో తెల్లమొహాలు వేసుకుని తేలడం చూసింది. ఏ ముక్క దేనిదో చెప్పే దిక్కులేక అన్నీ పారబోశారు. ఆ రోజునుంచి చెవి వెనక పెన్సిలు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకి కూడా అలాగే వెళ్తుంది. ఎవరైనా గుర్తు చేస్తే నాలిక్కరుచుకుని తీసి సంచిలో వేసుకుంటుంది.

ఆవిడకి ఇంకో నియమం ఉంది, జంట. ప్రతి ముక్కనీ రెండు చెయ్యాలి. ఒక సగం ఫార్మలిన్ సీసాలోకి పోతుంది, మైక్రోస్కోపు కింద చూడటానికి. రెండో సగం వేలెడంత గొట్టంలోకి, అక్కణ్ణుంచి ఎముకలు కొరికే చలి ఉండే పెద్ద ఫ్రీజర్లోకి పోతుంది, అందులో వైరస్ ఉందేమో వెతకడానికి. ఊపిరితిత్తి, మెదడు, కాలేయం, గొంతు దగ్గరి బిళ్ళలు, ఇలా ఒక్కో జంతువుకి పద్దెనిమిది జంటలు. ట్రేలో ఎడమ వరస సీసాలు, కుడి వరస గొట్టాలు. "ఒకటి చూడ్డానికి, ఒకటి వెతకడానికి" అని పెదాలు కదలకుండా అనుకుంటూ వేస్తుంది. తన చేతిలో ఒక్క జంట కూడా విడిపోలేదని ఆవిడకి చెప్పలేనంత గర్వం. మొగుడితో పోట్లాట వచ్చినప్పుడల్లా అదే అంటుంది, "నా చేతిలో జంటలు విడిపోవు, అందుకే మీరు బతికిపోయారు" అని. కుట్టుమిషన్లు బాగుచేసుకునే ఆ మనిషి తల ఎత్తకుండా సూది బిగించుకుంటాడు. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే వాసన పట్టి వేణ్ణీళ్ళు పెట్టేది మాత్రం ఆయనే.

ఆ ఏడాది గాలి మళ్ళే నెలలో డాల్ఫిన్లు ఒకదాని వెనక ఒకటి ఒడ్డున పడటం మొదలుపెట్టాయి. మామూలుగా ఏడాది మొత్తానికి రెండో మూడో వచ్చేవి. ఇప్పుడు వారం తిరక్కుండా మూడొచ్చాయి. కొత్త డాక్టరమ్మ వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. మొదటిదాన్ని కోసి ఊపిరితిత్తి చేతిలోకి తీసుకోగానే ఆవిడ మొహం మారిపోయింది. దూదిలా ఉండాల్సింది కాలేయంలా గట్టిపడి ఉంది.

"చిన్నపిల్లలకి తట్టు వస్తుంది చూడండి అక్కా, ఆ వైరస్‌కి దాయాది ఒకటుంది. అదే ఇదీ అని నా అనుమానం. ముందు ఊపిరితిత్తులు పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి మెదడుకి పోతుంది. అంతే, ఇక లోతేదో ఒడ్డేదో తెలీదు."

"మనకొస్తుందామ్మా?"

"ఇది మనుషులకి అంటినట్టు ఎవరూ చూళ్ళేదు. అలాగని మాస్కు తియ్యకండి. ఒంట్లో బలం లేని జంతువుకి ఇంకా ఏవేవో రోగాలుంటాయి."

ఫ్రీజర్లోని గొట్టాలు పరీక్షకి వెళ్ళాయి. మూడింటిలోనూ వైరస్ ఉందని తేలింది. ఊళ్ళో మాత్రం ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. వైరస్ కంటికి కనబడదు, వల కనబడుతుంది. పడవలవాళ్ళే చంపి పారేస్తున్నారని బడ్డీకొట్టు దగ్గరనుంచి మంగలి షాపు దాకా తీర్పు చెప్పేశారు.

అలాంటి రోజుల్లో నాలుగోది వచ్చింది. పొద్దున్నే పరుగు పెట్టడానికి వచ్చిన ఒకాయన చూసి ఫోను చేశాడు. తీసుకొచ్చేసరికి ప్రాణం లేదు. ఆడది, పెద్దది. తోక దగ్గర ఆకుపచ్చ దారం చుట్టుకుని చర్మం కోసుకుపోయింది. డాక్టరమ్మ దారాన్ని కత్తిరించి కవర్లో వేసి "వల దారం, ఆకుపచ్చ" అని చెప్పింది. చీటీలక్క రాయడానికి వంగి ఆ కవరు వైపు చూసింది. చూసి అలాగే ఉండిపోయింది.

డాక్టరమ్మకి తెలియనిది ఆవిడకి తెలుసు. వలలో పడిన జంతువుకి దారం చిక్కు పడుతుంది గానీ ముడి పడదు. ముడి ఎవరో ఒకరు వెయ్యాలి. పైగా అది అందరూ వేసే ముడి కాదు. వాళ్ళ నాన్న పడవ మీద పిల్లలిద్దరికీ ఒక ముడి నేర్పాడు, రెండు చుట్లు చుట్టి కొస వెనక్కి దూర్చేది. తమ్ముడిది పుర్రచేతి వాటం. వాడు వేస్తే ఆ ముడి అద్దంలో చూసినట్టు తిరగబడేది. వేళ్ళ మీద కొట్టి కొట్టి చివరికి నాన్నే విసిగి వదిలేశాడు. అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకు తిప్పిన చెయ్యి చీటీలక్కది. చెప్పులకీ సంచులకీ నిక్కరు నాడాకీ వాడు వేసిన తిరగేసిన ముళ్ళు విప్పిన చెయ్యి కూడా అదే. ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. ఇప్పుడు ఆ ముడి కవర్లో ఉంది.

ఆ రోజు కోత ఎలా జరిగిందో ఆవిడకి సరిగా గుర్తులేదు. డాక్టరమ్మ ఇస్తూనే ఉంది, ఈవిడ వేస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్న ఫ్రీజరు తెరిచి చూస్తే నాలుగో నంబరు పెట్టెలో పద్దెనిమిది గుంటలూ ఖాళీగా ఉన్నాయి. బీరువా దగ్గరికి పరిగెత్తి సీసాలు చూసింది. ఒక్కో సీసాలో రెండేసి ముక్కలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. జంటలు విడిపోలేదు సరికదా, విడదీయాల్సినవాటినే కలిపేసింది. కళేబరాన్ని నిన్న సాయంత్రమే సున్నం పోసి పూడ్చేశారు, తవ్వి తీసినా పనికిరాదు.

ఆవిడ ఫ్రీజరు తలుపు మూసి ఆ రోజంతా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాడు. ఆకుపచ్చ దారం వాడే పడవలు ఆ తీరంలో మూడే ఉన్నాయి, మూడింటినీ ఆపేశారు. నాలుగోది వలవల్లే చచ్చిందని చేపలాసుపత్రి రాస్తే పర్మిట్లు రద్దు. వాడికి ఆ పడవ తప్ప ఇంకో పని రాదు, నేర్చుకునే వయసూ దాటింది. బావ మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని చేతులు నలుపుకున్నాడు.

"అక్కా, ఎలాగైనా నన్ను ఒడ్డున పడెయ్యి."

ఎంత చక్కటి మాటో చూడండి. జ్వరం తగ్గినవాడు ఒడ్డున పడతాడు, పరీక్ష గట్టెక్కినవాడు ఒడ్డున పడతాడు, కష్టంలో ఉన్నవాణ్ణి అయినవాళ్ళు ఒడ్డున పడేస్తారు. మన మాటల్లో ఒడ్డు ఎప్పుడూ మంచి చోటే. చీటీలక్క రిజిస్టర్లో మాత్రం ఒడ్డున పడ్డవన్నీ చచ్చినవే.

"నేను ఒడ్డున పడేసేదాన్ని కాదురా. పడ్డవాటికి చీటీ రాసేదాన్ని" అంది.

"దానికీ ఆ జబ్బే ఉండుంటుంది కదా?"

"ఉండుండొచ్చు."

"మరి మీ ఫ్రీజరు పరీక్షలో తేలిపోతుందిగా?"

ఆవిడ లేచి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ముడి సంగతి వాడు ఎత్తలేదు, ఈవిడ అడగలేదు. అడిగితే చెప్తాడు. చెప్తే విన్నట్టవుతుంది. విన్నాక ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదు.

గిన్నెలు తోముతూ లెక్క చూసుకుంటే లెక్క తేలిగ్గానే ఉంది. నోరు మూసుకుంటే తన పరువు మిగులుతుంది, కానీ వైరస్ పరీక్ష జరగదు, కళ్ళకి కనబడే వల గాయం ఒక్కటే కాగితం మీదికి ఎక్కుతుంది, తమ్ముడు మునిగిపోతాడు. నోరు తెరిస్తే పంతొమ్మిదేళ్ళ గర్వం గంగపాలు. పైగా తమ్ముడి కోసం ముక్కలు తారుమారు చేసిందంటారు. వాణ్ణి కాపాడగలిగిన ఒక్క జంతువు దగ్గరే తన చెయ్యి తప్పడం ఆవిడకి కడుపు మండిపోయేంత అన్యాయంగా తోచింది. ఒక గిన్నెని మూడుసార్లు తోమింది.

మర్నాడు డాక్టరమ్మ గది తలుపు వేసి, నిలబడే మొత్తం చెప్పేసింది.

"మీరా అక్కా?" అని మాత్రం అంది డాక్టరమ్మ. ఆ రెండు మాటలకి చీటీలక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఆపిన మూడు పడవల్లో ఒకటి మా తమ్ముడిదమ్మా."

ముడి గురించి చెప్పలేదు. నాలిక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. "ఫార్మలిన్‌లో పడినంత మాత్రాన అంతా పోలేదు. ముక్కని మైనంలో దిమ్మలా పోసి, పల్చగా కోసి, ఒక రకం రంగు పట్టిస్తారు. వైరస్ ఉన్నచోటల్లా గోధుమరంగు తేలుతుంది. మన దగ్గర ఆ రంగు లేదు, పెద్ద ల్యాబుకి పంపిద్దాం. ముక్కలు ఎక్కువ రోజులు నానకముందే చెప్పారు, అది నయం." ఆగి, కాస్త మెల్లగా అంది. "నాలుగో నంబరు సీసాలు ఇక మీరు ముట్టుకోవద్దు. మీ మీద నమ్మకం లేక కాదు. రేపు ఎవరైనా అడిగితే, మీ చెయ్యి పడలేదని నేను చెప్పగలగాలి."

పదకొండు రోజులు పట్టింది. ఈలోగా ఐదోది, ఆరోది, ఏడోది వచ్చాయి. చీటీలక్క ఇప్పుడు "ఒకటి చూడ్డానికి, ఒకటి వెతకడానికి" అని పైకే అంటూ ముక్కలు వేసింది. డాక్టరమ్మ విననట్టు ఊరుకుంది. ఇంటి దగ్గర తమ్ముడు రోజూ వచ్చి బావ పక్కన కూర్చునేవాడు. పనిలేని చేతుల్ని చూడలేక ఆయన వాడికి తుప్పు పట్టిన మిషను చక్రం ఒకటి ఇచ్చి రుద్దమన్నాడు. వాడు దాన్ని అద్దంలా మెరిపించాడు.

పన్నెండో రోజు ఫలితం వచ్చింది. డాక్టరమ్మ చదివి వినిపించింది. మెదడు నిండా గోధుమరంగు చుక్కలు, ఊపిరితిత్తుల్లో ఇంకా ఎక్కువ. వల గాయం ఉన్నమాట నిజమే గానీ చావుకి కారణం అది కాదు. మూడు పడవలకీ అనుమతి ఇచ్చెయ్యొచ్చు. చీటీలక్క గోడకి చేరబడింది.

"ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడటంలేదు" అంది డాక్టరమ్మ. "ఊపిరిగొట్టంలో ఇసక ఉంది. అంటే ఒడ్డు మీద ప్రాణంతో ఉంది, ఊపిరి తీసింది. పైగా దొరికినప్పుడు తోక నేల వైపు, తల నీళ్ళ వైపు ఉందట. తనంతట తను వచ్చే డాల్ఫిన్ తల ముందుపెట్టి వస్తుంది. ఇది వెనక్కి నడిచి వచ్చినట్టుంది. రిజిస్టర్లో 'ఒడ్డుకి ఎలా చేరింది' అన్న గడి ఖాళీగా ఉంది చూడండి. సీసాలు వద్దన్నాను గానీ రిజిస్టరు రాసేది మీరే కదా."

చీటీలక్క "చూస్తానమ్మా" అంది.

మధ్యాహ్నం నేల కడుగుతుంటే తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పన్నెండు రోజులకి మొదటిసారి గడ్డం గీసుకున్నాడు.

"అక్కా, ఒడ్డున పడ్డాం! సాయంత్రం పోటుకి పడవ దించేస్తున్నా!"

ఆవిడ పైపు కట్టేసింది. చేతులు తుడుచుకుని, బల్ల మీద రిజిస్టరు తెరిచి, స్టూలు చూపించింది.

"కూర్చో. ఆ ముడి నీదేరా."

వాడి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కాసేపు వాలు నేల మీద పోతున్న నీళ్ళనే చూశాడు.

"ఇంకా చీకటి ఉండగానే వల లాగాను. తోకకి చుట్టుకుని ఉంది. చచ్చిందనుకున్నా. ఇంతలో నెత్తిమీది బెజ్జంలోంచి బుస్సుమంది. వల కోసేశాను అక్కా, ఆలోచించలేదు, కోసేశా. వదిలేస్తే పోదే! పడవ చుట్టూ తిరుగుతుంది, గుండ్రంగా, గుడ్డిదానిలాగా. లోతుకి తోలినా పోదు. సరే, అక్కావాళ్ళది ఆసుపత్రే కదా, చూస్తారు కదా అని..." రెండు చేతులూ ముందుకి చాపి నెట్టినట్టు చూపించాడు. "మోకాల్లోతు దాకా చేత్తో నెట్టుకొచ్చా. అక్కణ్ణుంచి దారం నాలుగు పేటలు చేసి, తోకకి కట్టి పైకి లాగా. ఒడ్డున పడేస్తే బతుకుతుందనుకున్నా."

ఆసుపత్రి. పంతొమ్మిదేళ్ళుగా అక్క అక్కడేం చేస్తుందో తెలిసినవాడు కూడా ఊరు పెట్టిన పేరుని నమ్మాడు. చీటీలక్కకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు.

"మరి ఫోను చెయ్యలేదేం?"

"తీశాను. తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నా. వలలో పడిందంటే పడవ ఆపేస్తారని భయం వేసింది. ఎవరో ఒకరు చూసి మీకు చెప్తార్లే అని దారం అక్కడే కోసేసి వచ్చేశా."

"చూశారు. మూడు గంటల తర్వాత చూశారు. అప్పటిదాకా ఇసక పీల్చుకుంటూ పడి ఉందిరా."

"ఫోను చేసుంటే బతికేదా?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "బతికేది కాదు. మెదడుకి పోయింది. సూది వేసి నిద్రపుచ్చేవాళ్ళు. ఆ మూడు గంటలు దానికి తప్పేవి."

వాడు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ వాణ్ణి ఊరడించలేదు. చెవి వెనక పెన్సిలు తీసి, నాలుగో నంబరు వరసలో చివరనున్న ఖాళీలో రాసింది: "తోక దారం ముడి ఎవరిదో మొదటిరోజే గుర్తుపట్టాను. చెప్పలేదు." కింద సంతకం పెట్టి, పుస్తకం వాడివైపు తిప్పింది.

"ఇది నాది. దీనికి ఏమంటారో రేపు నేను పడతాను. ఈ గడి నీది. రాస్తే, దొరికిన జంతువు గురించి చెప్పకుండా పోయినందుకు రెండు నెలలు పడవ ఆపుతారు. రాయకపోతే ఎవరికీ తెలీదు, సాయంత్రం పోటుకి వెళ్ళిపోవచ్చు. నేను మాత్రం అందులో అల తెచ్చిందని రాయను."

"ఖాళీగా వదిలెయ్యొచ్చు కదక్కా?"

"వదిలెయ్యొచ్చు" అంది. పైపు విప్పి మళ్ళీ నేల కడగడం మొదలుపెట్టింది, వాడికి వీపు చూపించి.

నీళ్ళ చప్పుడులో స్టూలు కిర్రుమంది.

"పెన్సిలుతోనేనా? ఎవరైనా చెరిపేస్తే?"

"పోయేది సిరారా. పెన్సిలుది ఉంటుంది."

వాడు పుర్రచేత్తో, మోచెయ్యి పుస్తకం చుట్టూ తిప్పి, చిన్నప్పుడు పలక మీద రాసినట్టే ఒక్కో అక్షరం నొక్కి రాశాడు. రాసి, తలుపు దగ్గర వదిలిన చెప్పులు వేసుకుని, పడవ దించడానికి సాయం రమ్మన్న ఇద్దరికీ ఇక రావద్దని చెప్పడానికి వెళ్ళాడు.

నేల ఆరాక చీటీలక్క వచ్చి చూసింది. 'ఒడ్డుకి ఎలా చేరింది' అన్న గడిలో, పక్కకి వాలిపోతున్న అక్షరాలతో, "నేనే ఒడ్డున పడేశాను" అని ఉంది. కింద వాడి పేరు. రెండుసార్లు చదివింది. దిద్దాల్సింది ఏమీ కనబడలేదు.